సూక్తుల డబ్బాలో ఆస్కార్ వైల్డ్

ఆస్కార్ వైల్డ్ చెప్పిన అబద్ధాలన్నిట్లోకీ జనం మారుమాట లేకుండా నమ్మేసింది ఒకటుంది. తన అసలు ప్రతిభంతా బతకడంలోనే ఖర్చైపోయిందనీ, పుస్తకాలకి మిగిలింది కాస్త చేతినేర్పు మాత్రమేననీ ఆయన తనతో అన్నట్టు ఫ్రెంచి రచయిత ఆంద్రె జీద్ రాసిపెట్టాడు. వినడానికి బావుంది. అందులో గొప్పలు పోవడం ఉంది, కాస్త దిగులుంది, అన్నిటికంటే ముఖ్యంగా మనకి పనికొచ్చే వెసులుబాటు ఉంది. రచయితే తన పుస్తకాలు అంతంత మాత్రం అన్నాక ఇక వాటిని చదవక్కర్లేదు కదా! జీవితం తెలిస్తే చాలు. ఆ జీవితమైనా ఎంతని? మూడు బొమ్మలు. వెల్వెట్ కోటు వేసుకుని పోజిచ్చిన కుర్రాడు, కోర్టు బోనులో నిలబడ్డ లావుపాటి మనిషి, పారిస్‌లో ఓ హోటల్ గదిలో చావు. మధ్యమధ్యలో నంజుకోడానికి ఓ యాభై సూక్తులు.

నా గొడవ దీని మీదే. వైల్డ్‌ని ఇష్టపడేవాళ్ళే ఆయన్ని చదవకుండా తప్పించుకుంటున్నారన్నది నా ఫిర్యాదు. అందుకే ఈ వ్యాసంలో ఆయన వాక్యం ఒక్కటి కూడా ఎత్తి రాయను. కొటేషన్లు లేకుండా వైల్డ్ గురించి రాయడం ఉప్పు లేకుండా పప్పు వండటం లాంటిదని ఎవరైనా అనొచ్చు. పర్లేదు, ఆ గిన్నెలో అసలు పప్పుందో లేదో కూడా ఒకసారి తేలిపోవాలి.

ముందు ఆ సూక్తుల సంగతే చూద్దాం. ఆ మధ్య మా ఆఫీసులో ఒక ట్రైనింగ్ జరిగింది. మొదటి స్లైడు మీద, నువ్వు నువ్వుగానే ఉండు, మిగతా వేషాలన్నీ ఎవరో ఒకరు వేసేసుకున్నారు అనే అర్థం వచ్చే వాక్యం, దాని కింద వైల్డ్ పేరు. ఆ మాట ఆయన రచనల్లో ఎక్కడా లేదు. ఉండే అవకాశమూ తక్కువే. మనిషి తన సొంత ముఖంతో కంటే ముసుగు వెనక ఉన్నప్పుడే నిజానికి దగ్గరగా ఉంటాడని వాదించినవాడు, ముసుగుల పేరుతో ఒక పూర్తి వ్యాసం రాసినవాడు, నీలాగే ఉండు నాయనా అని ట్రైనింగ్ మేనేజర్‌లా ఎందుకు చెప్తాడు? 1882 జనవరిలో న్యూయార్క్‌లో దిగినప్పుడు కస్టమ్స్ వాళ్ళతో తన దగ్గర మేధస్సు తప్ప చూపించాల్సిన సరుకేమీ లేదన్నాడనే కథ ఇంకా ప్రసిద్ధం. ఆ ఓడ దగ్గరికి విలేకరులు దండుగా వెళ్ళారు, ఆయన సముద్రం గురించి ఏమన్నాడో కూడా అచ్చేశారు. ఇంత మంచి మాట మాత్రం ఆనాటి పత్రికల్లో దొరకదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి పుస్తకాల్లోకి ఎక్కింది. గోడ కాగితం మీద వేసిన జోకు ఆఖరి మాట అంటారు. అది అంతకు కొన్ని వారాల ముందు ఎవరితోనో అన్నది. ఆఖరి రోజున ఆయన మాట్లాడే స్థితిలోనే లేడు.

ఇవి దొంగ సరుకు, పక్కన పెట్టేయొచ్చు. అసలు సరుకుతోనే ఇంకా పెద్ద చిక్కుంది. వైల్డ్ పేరు మీద చలామణిలో ఉన్న నిజమైన వాక్యాల్లో చాలావాటిని వైల్డ్ తన గొంతుతో చెప్పలేదు. ఏదో ఒక పాత్ర చేత చెప్పించాడు. ఆ పాత్ర ఎవరు, ఎవరితో, ఎందుకు అంటోంది అన్నది తీసేసి వాక్యం మాత్రం పట్టుకొస్తాం. 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' నుంచి టీషర్టుల మీదికి ఎక్కిన మాటల్లో సింహభాగం లార్డ్ హెన్రీవి. నవలలో లార్డ్ హెన్రీ పనేమిటి? ఒక అమాయకుడి చెవిలో అందమైన మాటలు పోసి వాడి బతుకు కుళ్ళిపోయేలా చెయ్యడం. తను మాత్రం చివరిదాకా ఒక్క పాపమూ చెయ్యకుండా సోఫాలో కూర్చుని సిగరెట్టు కాల్చుకుంటూ ఉంటాడు. తన మాటల వల్ల ఏం జరిగిందో కూడా వాడికి తెలియదు. తెలివైన మాట ఎంత ప్రమాదమో చూపించే నవల అది. అందులోని తెలివైన మాటలే ఏరుకుని మనం జీవితానికి దారిదీపాలుగా పెట్టుకున్నాం.

'కన్యాశుల్కం' గుర్తు తెచ్చుకోండి. విజయనగరంలో అది మొదట ప్రదర్శించింది 1892లో. అదే ఏడాది ఫిబ్రవరిలో లండన్‌లో వైల్డ్ మొదటి పెద్ద హాస్య నాటకం 'లేడీ విండర్‌మియర్స్ ఫ్యాన్' తెరలేచింది. ఒకరి గురించి ఒకరికి తెలిసే దారి లేదు, ఆ పోలిక ఇక్కడితో సరి. కానీ ఒక్క మాట: గిరీశం చుట్ట గురించీ, లెక్చర్ల గురించీ, వితంతు వివాహాల గురించీ దంచిన ఉపన్యాసాలన్నీ ఏరి, కింద గురజాడ అప్పారావు అని సంతకం పెడితే మనం ఊరుకుంటామా? వాడు గిరీశం, వాడి మాట నమ్మకూడదు, నాటకం చెప్పేదే అది అని చంటిపిల్లాడిక్కూడా విడమరిచి చెప్తాం. మన రచయితకి ఇచ్చే ఆ మాత్రం మర్యాద వైల్డ్‌కి ఎందుకివ్వం?

ఆయనకి ఈ తేడా బాగా తెలుసు. 'ఎ వుమన్ ఆఫ్ నో ఇంపార్టెన్స్' (1893) రాసేటప్పుడు లార్డ్ హెన్రీ నోటి మాటలు కొన్ని తెచ్చి లార్డ్ ఇల్లింగ్‌వర్త్ నోట్లో పెట్టాడు. ఇది బద్ధకమనీ, సొంత సరుకే రెండోసారి అమ్ముకోవడమనీ విమర్శకులు అంటూనే ఉన్నారు. ఉండొచ్చు. కానీ ఎవరి నోట్లో పెట్టాడో చూడండి. ఇరవై ఏళ్ళ కిందట ఒకమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, బిడ్డ పుట్టబోతున్నా పెళ్ళికి ఒప్పుకోని పెద్దమనిషి ఈ ఇల్లింగ్‌వర్త్. నాటకంలో అందరికంటే బాగా మాట్లాడేది వాడే. నాటకం చివర ఆ తల్లి చేతి తొడుగు తీసుకుని వాడి ముఖం మీద కొడుతుంది. వాడి నోటి నుంచి రాబోతున్న మాట సగంలో ఆగిపోతుంది. అంతవరకూ వాడి జోకులకి నవ్విన ప్రేక్షకుడి ముఖానికి కూడా ఆ దెబ్బ కాస్త తగలాలి. (నాటకంగా అది గొప్పదని నేననను. ఆ తల్లి మాట్లాడే భాష ఈ రోజు వింటే పాత మెలోడ్రామా వాసనే కొడుతుంది. కానీ ఆ తొడుగు దెబ్బ మాత్రం సరైన చోటే పడింది.)

సరే, ఆయన విడిగా సూక్తులు రాయలేదా అంటే రాశాడు. 1894లో అలాంటి రెండు గుచ్ఛాలు అచ్చయ్యాయి. అందులో ఒకటి యువకుల ఉపయోగార్థం అని పేరు పెట్టుకుని ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల పత్రిక 'ది కెమిలియన్'లో వచ్చింది. ఆ పేరులోనే వెక్కిరింత ఉంది. విక్టోరియన్ ఇళ్ళల్లో కుర్రాళ్ళకి బహుమతిగా ఇచ్చే నీతి పుస్తకాల మీద పేరడీ అది. ఆ పేరడీకి ఏ గతి పట్టిందో తెలియాలంటే కోర్టులోకి వెళ్ళాలి.

1895 ఫిబ్రవరిలో క్వీన్స్‌బెరీ మార్క్విస్ వైల్డ్ క్లబ్బులో అవమానకరమైన రాతతో ఒక కార్డు వదిలి వెళ్ళాడు. తన కొడుకు ఆల్‌ఫ్రెడ్ డగ్లస్‌తో వైల్డ్ స్నేహం ఆయనకి పడదు. వైల్డ్ పరువు నష్టం కేసు పెట్టాడు. ఏప్రిల్ 3న ఓల్డ్ బెయిలీలో విచారణ మొదలైంది. క్వీన్స్‌బెరీ తరఫు లాయరు ఎడ్వర్డ్ కార్సన్, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో వైల్డ్ తోటి విద్యార్థి. ఆ విచారణ పూర్తి పాఠాన్ని వైల్డ్ మనవడు మెర్లిన్ హాలండ్ 2003లో ప్రచురించాడు. వైల్డ్ గురించి ఒక్క పుస్తకమే చదవాలంటే జీవితచరిత్ర కంటే అదే చదవమంటాను. కార్సన్ మొదట సాక్షుల జోలికి పోలేదు, పుస్తకాల జోలికి పోయాడు. 'కెమిలియన్' సూక్తులు ఒక్కొక్కటీ చదవడం, ఇది నిజమని మీరు నమ్ముతున్నారా అని అడగడం. 'డోరియన్ గ్రే'లోంచి పేరాలు చదవడం, ఇది మీ అనుభవమా అని అడగడం. అది పాత్ర మాట అనీ, అది కళ అనీ వైల్డ్ అంటూనే ఉన్నాడు. కార్సన్ వినిపించుకోలేదు. అతనికి కావలసింది వాక్యం, కింద సంతకం.

అంటే స్లైడు మీద కొటేషన్ పెట్టిన మా ట్రైనింగ్ మేనేజరూ, ఆ వాక్యాలతోనే మనిషిని జైలుకి నడిపించిన కార్సనూ ఒకే రకం పాఠకులు. ఒకరు మెచ్చుకుంటూ చేశారు, ఇంకొకరు ఉరితాడు పేనుతూ చేశారు. సందర్భం నుంచి వాక్యాన్ని పీకి రచయిత నమ్మకంగా చూపించడంలో తేడా ఏమీ లేదు. మొదటిరోజు వైల్డే గెలుస్తున్నట్టు కనిపించాడు, గ్యాలరీలో నవ్వులే నవ్వులు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పనికుర్రాడిగా ఉన్న ఒకతన్ని ముద్దు పెట్టుకున్నారా అని కార్సన్ అడిగాడు. లేదు, వాడు చూడ్డానికి బావుండడు అనే అర్థంలో వైల్డ్ ఒక చమత్కారం విసిరాడు. కార్సన్ వదల్లేదు. అందం సంగతి ఎందుకు ఎత్తారు, ఎందుకు ఎత్తారు అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. వైల్డ్ దగ్గర మాట తడబడటం ఆ కాగితాల్లో కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. ఏప్రిల్ 5న కేసు కుప్పకూలింది, ఆ సాయంత్రమే కడోగన్ హోటల్లో ఆయన్ని అరెస్టు చేశారు. మే 25న రెండేళ్ళ కఠిన శిక్ష.

ఇక్కడి నుంచి రెండో రకం అభిమానులు తయారవుతారు. వాళ్ళకి వైల్డ్ అమరవీరుడు. నిషిద్ధ ప్రేమ కోసం కోర్టుకెక్కి బలైపోయినవాడు. వీళ్ళతో నా పేచీ కాస్త జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే శిక్ష అన్యాయమన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. ఆ శిక్ష పడ్డ 1885 నాటి చట్టం సెక్షన్ 11 కిందే 1952లో ఆలన్ ట్యూరింగ్‌ని కూడా దోషిగా తేల్చారు. నేను రోజూ చేసే పనికి పునాది వేసినవాళ్ళలో ఒకడిని అదే సెక్షన్ రెండేళ్ళలో మట్టిపాలు చేసింది. మనకైతే ఇంకా పాతది, 1860లో అదే తెల్లదొరలు రాసిచ్చిన 377 ఉండేది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న దాని కోరలు పీకేదాకా మనమూ దాన్ని మోశాం. కాబట్టి ఇది ఎవరిదో దూరపు కథ అని నేననుకోవడం లేదు.

కానీ వైల్డ్ కోర్టుకెళ్ళింది ఆ ప్రేమ కోసం కాదు. ఫిర్యాదుదారుగా వెళ్ళాడు, ఆ ఆరోపణ అబద్ధమని ప్రమాణం చేసి చెప్పడానికి వెళ్ళాడు. మార్చి నెలలో కఫే రాయల్‌లో ఫ్రాంక్ హారిస్, బెర్నార్డ్ షా ఇద్దరూ ఉండగా హారిస్ కేసు వదిలేసి దేశం దాటమని బతిమాలాడు. డగ్లస్‌కి మాత్రం తండ్రిని జైల్లో చూడాలనుంది. వైల్డ్ డగ్లస్ మాట విన్నాడు. కోర్టులో పేర్లు వినిపించిన యువకుల్లో చాలామంది పనీ డబ్బూ లేని బీద కుర్రాళ్ళు. వాళ్ళకీ ఆయనకీ మధ్య ఉన్న డబ్బు తేడా గురించి అమరవీరుడి కథలో ఒక్క ముక్క ఉండదు. భార్య కాన్‌స్టెన్స్ అయితే పూర్తిగా మాయం. ఆవిడ కూడా పిల్లల కథల పుస్తకం రాసింది, ఆడవాళ్ళ ఊపిరాడని బట్టలకి వ్యతిరేకంగా ఉద్యమంలో పనిచేసింది. 1896లో వైల్డ్ తల్లి పోయిన వార్త వేరెవరి నోటా వినకూడదని జబ్బు శరీరంతో జెనోవా నుంచి రెడింగ్ జైలు దాకా వచ్చి తనే చెప్పింది. పిల్లలిద్దరి ఇంటిపేరూ హాలండ్ అని మార్చాల్సి వచ్చింది. 1898లో ఆవిడ పోయింది. తండ్రి ఆ పిల్లల్ని మళ్ళీ చూడనేలేదు. ఇంతకీ కోర్టులో చప్పట్లు కొట్టించిన ఆ పేరులేని ప్రేమ అనే పదబంధం కూడా వైల్డ్‌ది కాదు, డగ్లస్ రాసిన ఒక పద్యంలోది.

సూక్తుల అభిమానికి వైల్డ్ మాట చాలు, అమరవీరుడి అభిమానికి వైల్డ్ బాధ చాలు. పని ఎవరికీ అక్కర్లేదు. కాస్త పని లెక్క చూద్దాం, నాకు ఆ లెక్కే ఇష్టం.

ట్రినిటీలో గ్రీకుకి బర్క్లీ బంగారు పతకం. ఆక్స్‌ఫర్డ్ మోడ్లిన్‌లో రెండు పెద్ద పరీక్షల్లోనూ ఫస్టు క్లాసు, 1878లో న్యూడిగేట్ కవితా బహుమతి. చదవకుండానే పాసైపోయినట్టు నటిస్తూ రాత్రుళ్ళు చదివేవాడని సహాధ్యాయులు రాశారు. బద్ధకం అనే వేషం అప్పుడే మొదలైంది. 1882లో అమెరికాలో ఒక్క ఏడాదిలో సుమారు 140 ఉపన్యాసాలు, కొలరాడో గని కార్మికుల ఊరు లెడ్‌విల్‌తో సహా. 1885 నుంచి 'పాల్ మాల్ గెజెట్' వగైరా పత్రికల్లో పేరు లేకుండా పదులకొద్దీ పుస్తక సమీక్షలు. వంట పుస్తకాలూ, పెళ్ళి మీద సలహాల పుస్తకాలూ, మూడోరకం కవుల సంపుటాలూ, ఏది పంపితే అది. సమీక్షలు రాసే అలవాటున్న వాళ్ళకి తెలుస్తుంది ఆ కూలి ఏమిటో. 1887లో కాసెల్ కంపెనీ వాళ్ళ ఆడవాళ్ళ పత్రికకి సంపాదకుడయ్యాడు. దాని పేరులో లేడీ తీసేసి వుమన్ అని పెట్టించాడు. ఫ్యాషన్ పేజీల్ని వెనక్కి తోసి చదువులూ, ఉద్యోగాలూ, రాజకీయాలూ ముందుకి తెచ్చాడు. రెండేళ్ళయ్యేసరికి ఆఫీసుకి రావడం తగ్గించేశాడు, ఆ మాటా నిజమే. మనలో ఎవరం మాత్రం ఏ ఉద్యోగంలో రెండేళ్ళ తర్వాత మొదటి నెల ఉత్సాహంతో ఉన్నాం?

1891 ఒక్క ఏడాదిలో నాలుగు పుస్తకాలు. 'డోరియన్ గ్రే' అంతకు ముందు ఏడాది 'లిపిన్‌కాట్స్' పత్రికలో 13 అధ్యాయాలుగా వచ్చింది. సంపాదకుడు స్టాడర్ట్ దాంట్లో చెప్పకుండా సుమారు 500 మాటలు కోసేశాడు. అయినా పత్రికలు దుమ్మెత్తిపోశాయి, డబ్ల్యూ. హెచ్. స్మిత్ వాళ్ళు తమ స్టాళ్ళ నుంచి ఆ సంచిక తీసేశారు. వైల్డ్ కూర్చుని నవలని మళ్ళీ విప్పాడు. కొత్త అధ్యాయాలు కలిపి 20 చేశాడు, చెల్లెలి చావుకి పగ తీర్చుకోడానికి తిరిగే నావికుడి కథ అల్లాడు, కొన్నిచోట్ల భయపడి రంగు తగ్గించాడు. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి (2011లో హార్వర్డ్ వాళ్ళు కోతలకు ముందున్న పాఠాన్ని అచ్చేశారు). ఎక్కడ కళ గెలిచింది, ఎక్కడ భయం గెలిచింది అని పేజీ పేజీకీ కనిపిస్తుంది. నావికుడి కథ నాకు అతుకులాగే అనిపిస్తుంది, అది వేరే సంగతి. అతుకు వేసినవాడు కుట్టుపని వచ్చినవాడు, గాలివాటం మనిషి కాదు.

'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' సంగతి ఇంకా విడ్డూరం. 1894 వేసవిలో వర్దింగ్ అనే సముద్రతీరపు ఊళ్ళో రాశాడు. ఊరి పేరే హీరోకి ఇంటిపేరైంది. చేతిరాత నోటుపుస్తకాలూ, వాటి నుంచి టైపు ప్రతులూ, వాటి మీద మళ్ళీ దిద్దుబాట్లూ ఈరోజుకీ ఉన్నాయి. నాలుగంకాల నాటకాన్ని మేనేజరు జార్జ్ అలెగ్జాండర్ మూడుకి కుదించమన్నాడు. వైల్డ్ గొణిగి, కోసేశాడు. కోతలో ఒక పూర్తి సన్నివేశం పోయింది. అందులో గ్రిబ్స్‌బీ అనే సొలిసిటర్ వస్తాడు. సవాయ్ హోటల్లో తిన్న తిండికి బాకీ తీర్చలేదని అల్జర్నన్‌ని అరెస్టు చేసి హాలోవే జైలుకి తీసుకుపోతానంటాడు. 1895 ఫిబ్రవరి 14న నాటకం ఆ సన్నివేశం లేకుండా మొదలైంది. రెండు నెలలు తిరక్కుండానే సవాయ్ హోటల్ పనివాళ్ళు వైల్డ్ మీద సాక్ష్యం చెప్పారు. విచారణ కోసం ఆయన్ని ఉంచింది హాలోవే జైల్లో. నాటకం ఆడుతూనే ఉంది, ప్రకటనల మీద రచయిత పేరు మాత్రం చెరిపేశారు. దీని మీద నేనేమీ వ్యాఖ్య చెయ్యను, జోకు అసలే వెయ్యను.

ఇక వాదనల సంగతి. వైల్డ్‌కి ఆలోచనలు లేవు, చమత్కారాలే ఉన్నాయనేవాళ్ళు 1891 ఫిబ్రవరిలో 'ఫోర్ట్‌నైట్లీ రివ్యూ'లో వచ్చిన 'ది సోల్ ఆఫ్ మ్యాన్ అండర్ సోషలిజం' ఒక్కసారి ఓపిగ్గా చదవాలి. దానధర్మాలు బీదరికాన్ని పోగొట్టవు, పొడిగిస్తాయి అంటాడు. ఆస్తి లేనివాడినే కాదు ఉన్నవాడిని కూడా ఆస్తి పాడుచేస్తుందంటాడు. ఇవి ఇతరులు కూడా అన్నవే అనుకోండి. నన్ను పట్టుకున్నది యంత్రాల గురించి ఆయన చెప్పింది. ఐదొందల మంది పని చేసే యంత్రం ఒక్కడి సొంతమైతే, ఆ ఐదొందల మందీ రోడ్డున పడతారు, లాభమంతా ఆ ఒక్కడిదే అవుతుంది. అదే యంత్రం అందరిదైతే, మురికిపనీ విసుగుపనీ దానికి వదిలేసి మనుషులు చదువుకుంటారు, బొమ్మలు వేసుకుంటారు, ఊరికే కూర్చుంటారు. యంత్రంతో ఆయనకి పేచీ లేదు. అది ఎవరిది అన్నదే ప్రశ్న. 130 ఏళ్ళ కిందట వెల్వెట్ కోటువాడు అడిగిన ఈ ప్రశ్న, ఆటోమేషన్ పేరుతో టీములకి టీములు ఖాళీ అయిపోతున్న ఏ ఐటీ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా ఈ రోజు వినిపించాలి. ఆటోమేట్ చేసే కోడు రాసేది మేమే, ఆ తర్వాత ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో లెక్కేసుకునేదీ మేమే. అక్కడ మాకు గోడ మీద వైల్డ్ కొటేషన్ అయితే ఉంటుంది. ఆ ప్రశ్న ఉండదు.

ఆ వ్యాసంలో బోలుతనం లేదని కాదు. ఆ అందరిదీ అన్నది ఎలా సాధ్యమో చెప్పడు, చెప్పాల్సిన చోట ఒక అందమైన వాక్యం రాసి పక్కకి తప్పుకుంటాడు. వైల్డ్‌లో నాకు చిరాకు తెప్పించేది అదే. మొదటి 'పోయమ్స్' (1881) సంపుటి దాదాపు మొత్తం కీట్స్, స్విన్‌బర్న్ వగైరాల ఎంగిలి. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ లైబ్రరీ అడిగి తెప్పించుకున్న ప్రతిని ఓటేసి మరీ తిప్పి పంపింది, ఆ ఓటు నాకు మరీ తప్పనిపించదు. 'డి ప్రొఫండిస్' అని పిలుచుకునే జైలు ఉత్తరంలో డగ్లస్‌తో తిన్న భోజనాల ఖర్చు లెక్కలు పేజీలకొద్దీ చదవడం శిక్ష. కానీ ఆ శిక్ష కూడా పడాలి. 1905లో రాబర్ట్ రాస్ అవన్నీ తీసేసి, పశ్చాత్తాపపు పేజీలు మాత్రం అచ్చువేస్తే జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. సరైన పూర్తి పాఠం 1962లో ఉత్తరాల సంపుటిలో వచ్చాకే ఆ మనిషి కోపం, చిల్లరతనం, ప్రేమ, అన్నీ కలిసి ఒకచోట కనిపించాయి. ఏరిన వైల్డ్ ఎప్పుడూ అందంగానే ఉంటాడు. ఏరకుండా చదివితేనే మనిషి దొరుకుతాడు.

సూక్తులూ లేని, కన్నీళ్ళూ లేని వైల్డ్ ఎక్కడున్నాడని అడిగితే నేను చూపించేది పుస్తకం కూడా కాదు. 1897 మే 28న 'డైలీ క్రానికల్' దినపత్రికలో వచ్చిన ఒక ఉత్తరం. జైలు నుంచి బయటికొచ్చి తొమ్మిది రోజులు. ఫ్రాన్స్‌లో మారుపేరుతో ఉంటున్నాడు, పత్రికల్లో ఆయన పేరెత్తే దిక్కు లేదు. అయినా ఆ ఉత్తరం కింద సొంత పేరు పెట్టాడు. రెడింగ్ జైల్లో మార్టిన్ అనే వార్డరు ఉండేవాడు. ఆకలితో ఏడుస్తున్న ఒక చిన్న ఖైదీ పిల్లవాడికి బిస్కెట్లు ఇచ్చాడని అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. ఉత్తరం అంతా ఆ సంగతే. పిల్లల్ని ఏ గదిలో ఉంచుతారు, ఎన్ని గంటలు ఒంటరిగా ఉంచుతారు, పొద్దున ఏం పెడతారు, ఆ తిండి ఎందుకు అరగదు, భయంతో వాళ్ళకి విరేచనాలు ఎలా పట్టుకుంటాయి. చాలా పొడుగు ఉత్తరం, తాపీగా, ఒక్కో వివరం పేర్చుకుంటూ వెళ్తాడు. నవ్వించే మాట కోసం వెతికితే దొరకదు. అంతకు కొద్దిరోజుల ముందు, ఇంకా లోపల ఉండగానే, మార్టిన్‌కి ఒక చీటీ రాశాడు. కుందేళ్ళు పట్టారని జైల్లో వేసిన ఆ ముగ్గురు పిల్లల పేర్లేమిటి, వాళ్ళ జరిమానా ఎంత, అది నేను కట్టి వాళ్ళని విడిపించొచ్చా అని.